వృథాగా పోయే వేడిని వశపరచుకొన్న ఆల్ఫ్రెడ్ బ్యూకి

అనుభవించేవారు లేక వ్యర్థమయ్యే సంపదను మన పెద్దలు అడవిగాచిన వెన్నెల అన్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర యూరపు ఖండంలో రూపుదిద్దుకొన్న ఇంజన్ల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఇంధనం మండగా పుట్టిన వేడిలో కొంతభాగం మాత్రమే చక్రాన్ని తిప్పేది. మిగిలినదంతా ఇంజనును చల్లబరిచే నీటిలోనూ, పొగగొట్టం నుండి వెలువడే వాయువులలోనూ కలిసిపోయేది. యంత్రధర్మమే అంతయని సరిపెట్టుకోక, ఆ పోయే వేడిని మళ్ళీ పనిలో పెట్టవచ్చునని తలచినవారిలో అగ్రగణ్యుడు ఆల్ఫ్రెడ్ బ్యూకి. నేడు టర్బోచార్జరు అనే పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న సాధనానికి ఆయనే మూలపురుషుడు.

బ్యూకి 1879 జూలై 11న స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ పట్టణంలో జన్మించాడు. సుల్జర్ సంస్థ యంత్ర కర్మాగారాలతో పేరు పొందిన పట్టణమది. తండ్రి యోహాన్ బ్యూకి ఆ సంస్థలోనే ఉన్నతాధికారి. అందువల్ల ఆవిరియంత్రాల చప్పుడు, పోతపోసిన ఇనుము వాసన ఆ బాలునికి పసితనం నుండే పరిచితాలు. విచిత్రమేమంటే, ఆయన పుట్టిన సంవత్సరంలోనే రుడాల్ఫ్ డీజిల్ అనే యువకుడు పని నేర్చుకోవడానికి ఆ కర్మాగారంలో చేరాడు. తరువాతి కాలంలో డీజిల్ ఇంజనును సృష్టించి లోకప్రసిద్ధుడైనవాడు ఆయనే. డీజిల్ 1897లో జయప్రదంగా నడిపి చూపిన ఇంజను, ఇంధనంలోని వేడిలో సుమారు నాలుగోవంతును పనిగా మార్చగలిగింది. ఆవిరియంత్రాలతో పోల్చితే అది గొప్ప విజయమే. అయినా తక్కిన మూడు వంతులు వృథాగానే పోతున్నాయి. ఆ మూడు వంతులే బ్యూకి జీవితానికి గమ్యాన్ని నిర్ణయించాయి.

బ్యూకి 1899లో జ్యూరిచ్ నగరంలోని ఫెడరల్ పాలిటెక్నిక్‌లో చేరి యంత్రశాస్త్రం అభ్యసించి, 1903లో పట్టభద్రుడయ్యాడు. అనంతరం బెల్జియం, ఇంగ్లండు దేశాలలో పనిచేశాడు. బెల్జియంలోని గెంట్ నగరంలో కారెల్స్ సంస్థలో ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతో ఆయనకు సన్నిహిత పరిచయం కలిగింది. ఇంజను శక్తి పెరగాలంటే ఎక్కువ ఇంధనం మండాలి. ఇంధనం మండాలంటే దానికి తగినంత గాలి కావాలి. సిలిండరును పెద్దదిగా చేస్తే ఎక్కువ గాలి పడుతుంది కాని, ఇంజను బరువు, పరిమాణం, ఖర్చు కూడా పెరుగుతాయి. సిలిండరును పెంచకుండా గాలినే ఒత్తి నింపితే ఏమవుతుంది? గాలిని ఒత్తడానికి కావలసిన శక్తిని బయటకు పోయే వేడి వాయువుల నుండే తీసుకొంటే ఎలా ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలను ఒకచోట చేర్చడంలోనే ఆయన ప్రతిభ ఉంది.

తన ఆలోచనకు ఆయన 1905 నవంబరు 16న జర్మనీ ప్రభుత్వ పేటెంటు పొందాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. అందులోని సూత్రం సరళమైనది. సిలిండరు నుండి వెలువడే వేడి వాయువులు టర్బైను రెక్కలను తాకి దానిని అతివేగంగా తిప్పుతాయి. టర్బైనుతోపాటు కంప్రెసరు కూడా తిరిగి, బయటి గాలిని ఒత్తి సిలిండరులోకి పంపుతుంది. ఒకే పరిమాణం గల సిలిండరులో ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం, తత్ఫలితంగా ఎక్కువ శక్తి లభిస్తాయి.

కాగితం మీద సరళంగా ఉన్నది కర్మాగారంలో దుస్సాధ్యమైంది. బ్యూకి 1909లో సుల్జర్ సంస్థలో చేరి, డీజిల్ ఇంజన్ల పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఏళ్ళ తరబడి శ్రమించి 1915లో ఒక నమూనా ఇంజనును సిద్ధం చేశాడు. కాని అది నమ్మకంగా పనిచేయలేదు. ఎర్రగా కాలే వాయువుల మధ్య నిమిషానికి వేలసార్లు తిరిగే రెక్కలకు తగిన లోహాలు ఆనాడు అరుదు. కంప్రెసర్ల పనితనం కూడా అంతంతమాత్రమే. ఆలోచనలో దోషం లేదు. దానిని మోయగల లోహం ఇంకా రాలేదు. ఆ సంవత్సరంలోనే ఆయన టర్బైన్ల నిర్మాణంలో పేరుగాంచిన బ్రౌన్ బొవేరి సంస్థను ఆశ్రయించాడు. వెంటనే ఒప్పందం కుదరలేదు.

ఇంతలో ఇదే సూత్రం ఆకాశంలో తన విలువను చాటుకొంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలుచనై విమానాల ఇంజన్లు నీరసిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో ఆగస్టె రాటో, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ దీనికి టర్బోచార్జరుతో పరిష్కారం వెతికారు. మాస్ 1918లో లిబర్టీ అనే విమాన ఇంజనును పద్నాలుగు వేల అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరానికి చేర్చి పరీక్షించాడు. మైదానంలో 350 అశ్వశక్తిని ఇచ్చిన ఆ ఇంజను, శిఖరం మీద 230కి దిగజారింది. టర్బోచార్జరు అమర్చగానే 356కు చేరుకొంది.

బ్యూకి కూడా నిరాశకు లోను కాలేదు. ఎట్టకేలకు బ్రౌన్ బొవేరి సంస్థ ముందుకు వచ్చింది. భారీ ఇంజనుకు తగిన తొలి టర్బోచార్జరు 1924 జూన్‌లో బాడెన్ పట్టణంలోని వారి కర్మాగారం నుండి వెలువడింది. మరుసటి సంవత్సరం, అనగా 1925లో, బ్యూకి మరొక కీలకమైన పేటెంటు తీసుకొన్నాడు. ప్రతి సిలిండరు నుండి వాయువు బయటపడే క్షణంలో ఒక బలమైన తాకిడి పుడుతుంది. అన్ని సిలిండర్ల వాయువులను ఒకే పెద్ద గొట్టంలోకి వదిలితే ఆ తాకిడులు ఒకదానినొకటి చెరుపుకొంటాయి. వేర్వేరు సన్నని గొట్టాల ద్వారా పంపితే ఆ బలమంతా టర్బైనుకు అందుతుంది. పైగా వాయువు పోయే కవాటం మూసుకొనేలోగా గాలి వచ్చే కవాటం కొద్దిగా తెరుచుకొంటే, తాజా గాలి సిలిండరును కడిగివేసి చల్లబరుస్తుంది. ఈ విధానంతో ఇంజను శక్తి నలభై శాతానికి పైగా పెరిగింది. మొదటి పేటెంటుకూ ఈ విజయానికీ మధ్య గడిచిన కాలం సరిగా ఇరవై ఏళ్ళు.

ఆ విజయానికి సముద్రం సాక్షిగా నిలిచింది. బాల్టిక్ సముద్రంలో నడిపేందుకు జర్మనీ నిర్మించిన ప్రాయ్‌సెన్, హన్సెష్టాట్ డాన్‌జిగ్ అనే ప్రయాణికుల నౌకలు 1926లో జలప్రవేశం చేశాయి. టర్బోచార్జర్ల వల్ల వాటి పది సిలిండర్ల డీజిల్ ఇంజన్ల సామర్థ్యం 1750 నుండి 2500 అశ్వశక్తికి పెరిగింది. అనతికాలంలోనే ఈ సాధనం నౌకలకు, విద్యుత్కేంద్రాలకు, రైలింజన్లకు విస్తరించింది. మన దక్షిణమధ్య రైల్వేలో కాజీపేట, గుత్తి షెడ్ల నుండి దీర్ఘకాలం రైళ్ళను లాగిన 2600 అశ్వశక్తి గల డీజిల్ ఇంజన్లు కూడా టర్బోచార్జరు అమర్చినవే. స్విట్జర్లాండులోని సౌరర్ సంస్థ 1938లో లారీ ఇంజనుకు సైతం దీనిని జతచేసింది.

బ్యూకి 1959 అక్టోబరు 27న వింటర్‌టూర్‌లో మరణించాడు. మరి మూడేళ్ళకు, 1962లో, అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్, షెవ్రొలె కార్లలో టర్బోచార్జరు ప్రవేశించింది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత విలాసవంతమైన పెద్ద కార్లకు కూడా పొదుపు అవసరమైంది. మెర్సిడెస్ సంస్థ 1978లో తన ఎస్ తరగతి కారులో మూడు లీటర్ల డీజిల్ ఇంజనుకు టర్బోచార్జరును కూర్చింది. సుమారు 80గా ఉన్న అశ్వశక్తి 115కు పెరిగింది. 1970లలో అదే తరగతి కారును నడిపిన నాలుగున్నర లీటర్ల, ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను ఇచ్చినది సుమారు 225 అశ్వశక్తి. 2011లో అదే తరగతి కారుకు అమర్చిన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను కేవలం రెండు లీటర్లకు కాస్త మించినది. అయినా 204 అశ్వశక్తిని ఇచ్చింది. ఐదు మీటర్లకు మించిన పొడవు గల కారును సగం కంటె చిన్న ఇంజను అవలీలగా లాగింది.

ఇది ఇంద్రజాలం కాదు. శక్తి కావలసినప్పుడు చిన్న ఇంజను కూడా అందుకు తగిన ఇంధనాన్ని మండించవలసిందే. నెమ్మదిగా సాగే వేళ మాత్రమే దాని పొదుపు స్పష్టంగా కనిపిస్తుంది. టర్బైను వేగం అందుకొనేలోగా క్షణకాలం జాప్యం కూడా కలుగుతుంది. ఈ పరిమితులను ఒక్కొక్కటిగా తగ్గించడానికి తరతరాల ఇంజనీర్లు కృషి చేశారు. బ్యూకి వేసిన బాట అది.

మంచి ఆలోచన కలగడం వేరు, దానిని కార్యరూపంలోకి తేవడం వేరు. మొదటిదానికి మేధస్సు చాలు. రెండవదానికి సహనం, సహకారం, తప్పులను సరిదిద్దుకొనే వినయం కావాలి. ఇరవై ఆరేళ్ళ వయసులో మెరిసిన ఊహను నలభై ఆరేళ్ళ వయసులో ఫలింపజేసుకొన్న బ్యూకి జీవితం ఈ సత్యాన్ని నిరూపిస్తుంది. అందరూ వ్యర్థమని విడిచిన దానిలో విలువను గుర్తించడం, కాలం కలిసిరాకున్నా దానిని విడనాడకుండటం ఆయన మనకు వదిలివెళ్ళిన వారసత్వం.