ఒంటరితనానికి రూపమిచ్చిన కూచిపూడి బిడ్డ - వేదాంతం రాఘవయ్య

శుక్రవారం రాత్రి బ్నీద్ అల్ గార్‌లో ఏ గదిలోనైనా నలుగురు తెలుగువాళ్లు కూడితే, ఎప్పుడో ఒకప్పుడు ఘంటసాల గొంతు వినిపించక తప్పదు. శాలువా కప్పుకుని, కుక్కను తోడు పెట్టుకుని పాడే దేవదాసు కళ్లముందు మెదలకా తప్పదు. ఇంటికి దూరంగా బతికే మనకు ఆ ఒంటరితనం కొత్త కాదు. అయితే దానికి రూపమిచ్చిన దర్శకుడి పేరు మనలో ఎందరికి గుర్తుంది?

ఆయనే వేదాంతం రాఘవయ్య. 1919లో కృష్ణా జిల్లా కూచిపూడిలో, నాట్యమే వృత్తిగా గల వంశంలో జన్మించారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ (1939)లో దశావతార నృత్యం చేసి ప్రేక్షకులకు పరిచయమయ్యారు. నృత్య దర్శకుడిగా పేరు తెచ్చుకున్నాక, వినోదా వారి స్త్రీసాహసం (1951)తో దర్శకులయ్యారు.

తర్వాత డి.ఎల్. నారాయణ శరత్ నవలను తెరకెక్కించాలని పూనుకున్నారు. జానపద వీరుడిగా పేరుపడ్డ అక్కినేని దేవదాసు ఏమిటని పెదవి విరిచినవారున్నారు. పాటలు రూపుదిద్దుకుంటుండగానే 1952లో సంగీత దర్శకుడు సుబ్బరామన్ మూడు పదులు నిండకుండానే కన్నుమూశారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. విషాదకథకు తెర వెనక కూడా విషాదమే తోడయింది!

నాట్యరంగం మీద చివరి వరుసలో కూర్చున్నవాడికీ కనబడేలా భావాన్ని పెద్దది చేయాలి. కెమెరా దగ్గరికొస్తే రెప్ప వాలినా చాలు. ఆ తేడా రాఘవయ్య గారికి బాగా తెలుసు. తాగుడు సన్నివేశాలను రాత్రివేళల్లో తీశారని, నిద్రలేమితో బరువెక్కిన అక్కినేని కళ్లే మత్తును పలికించాయని చెబుతారు. బి.ఎస్. రంగా ఛాయాగ్రహణంలోని వెలుగునీడలు మిగతా పని చేశాయి. దేవదాసు పక్కన మనుషులెవరూ లేకుండా కుక్కను మాత్రమే ఉంచడంలోనే వాడి బతుకంతా ఉంది. చివరికి తలుపు అవతల సావిత్రి పార్వతి, ఇవతల ప్రాణం విడిచిన దేవదాసు. మధ్యలో ఆ మూసిన తలుపు చెప్పినంత దుఃఖం ఏ సంభాషణా చెప్పలేదు.

1953లో విడుదలైన ఆ చిత్రం చరిత్ర సృష్టించింది. ఆపై అనార్కలి (1955), చిరంజీవులు (1956), సువర్ణసుందరి (1957) వచ్చాయి. భారీగా తీసిన రహస్యం (1967) మాత్రం నిరాశపరిచింది. 1971లో, యాభై రెండేళ్లకే ఆయన వెళ్లిపోయారు.

తర్వాతి రోజుల్లో ఆ శాలువానూ, కుక్కనూ హాస్యానికి వాడుకున్నవారు ఎందరో. మన పిల్లలకు తెలిసింది ఆ హాస్యమే. ఈసారి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అసలు చిత్రం చూడండి. ఇల్లు వదిలి వచ్చినవాడి గుండె ఎలా ఉంటుందో, మనం చెప్పలేనిది, ఆ మూసిన తలుపు వాళ్లకు చెబుతుంది.