గని దీపము

ఇంగ్లండు దేశపు నైరృతి కొనయందు, సముద్రతీరమున, పెన్‌జాన్స్ అను పట్టణము కలదు. 1778వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన హంఫ్రీ డేవీ అచ్చట జన్మించెను. అతని తండ్రి కొయ్యపై నగిషీలు చెక్కువాడు. 1794లో తండ్రి మరణింపగా కుటుంబము కష్టములపాలయ్యెను. పెద్దకుమారుడగు డేవీ ఒక వైద్యునికడ పనికి కుదిరి, తీరిక వేళలందు రసాయనశాస్త్రమును స్వయముగా అభ్యసించెను.

1798లో అతడు బ్రిస్టలు నగరమున, వాయువులతో రోగములను కుదుర్ప యత్నించు ఒక సంస్థలో చేరెను. వాయువుల గుణములను తెలిసికొనుటకై వానిని తానే పీల్చి చూచుచుండెడివాడు. ఒకమారు విషవాయువును పీల్చి మృత్యుముఖము నుండి బయటపడెను. ఇట్టి సాహసము ఎవరును అనుకరింపదగినది కాదు. 1801లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చేరి, 1807లో విద్యుత్ప్రవాహము సాయమున పొటాసియము, సోడియము అను లోహములను వేరుచేసి, ప్రఖ్యాతి గాంచెను. 1812లో అతనికి సర్ బిరుదము లభించెను.

ఆ సంవత్సరమే మే 25వ తేదీన ఉత్తర ఇంగ్లండులోని ఫెల్లింగు బొగ్గుగనిలో ఘోరమైన పేలుడు సంభవించి 92 మంది మరణించిరి. వారిలో మీ వయస్సు బాలురును, మీకంటె చిన్నవారును పెక్కుమంది యుండిరి.

బొగ్గుపొరల నుండి మీథేను అను వాయువు వెలువడుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్ల వరకు అది కలిసియున్నచో నిప్పు తగిలిన తోడనే పేలును. కాని పాతాళమువంటి ఆ చీకటిలో దీపము లేక పని యెట్లు సాగును? వెలుగునిచ్చు దీపమే ప్రాణములు తీయుచుండెను.

1815లో రాబర్టు గ్రే అను మతగురువు ప్రార్థింపగా, డేవీ న్యూకాసిలు ప్రాంతపు గనులను దర్శించి, అచ్చటి వాయువును సీసాలలో తెప్పించుకొని పరీక్షించెను. సన్నని లోహపు గొట్టముల గుండ జ్వాల ఆవలికి పోజాలదని కనుగొనెను. లోహము వేడిమిని పీల్చుకొనుటయే దానికి కారణము. అట్లయినచో సన్నని తీగవల చాలదా యని తలచి, చదరపు అంగుళమునకు 784 రంధ్రములుగల వలను దీపము చుట్టును గొట్టమువలె అమర్చెను. వాయువు లోనికి పోయి మండును. మంట బయటికి రాదు. 1816 జనవరిలో హెబ్బర్ను గనిలో ఈ దీపమును పరీక్షించి చూచిరి.

ఆ దీపము మరియొక మేలు కూడ చేసెను. వాయువున్నచోట జ్వాలపై నీలి శిఖ యొకటి పొడసూపును. దాని యెత్తును బట్టి వాయువెంత కలదో పనివారు గ్రహింపగలిగిరి. మీథేను గాలికంటె తేలికయైనది; పైకప్పు క్రింద గుమిగూడును. కావున దీపమును మెల్లగా పైకెత్తి పరీక్షింపవలెను. బరువైన బొగ్గుపులుసు వాయువు నేలనంటి యుండును. అచ్చట దీపము మసకబారి ఆరిపోవును. నేటి కర్మాగారములలో మండు వాయువులను పసిగట్టు యంత్రములను అమర్చువారికిని ఇదియే లెక్క. మీథేను ఉండుచోట పైకప్పు దాపున, గాలికంటె బరువైన మన వంటగ్యాసు ఉండుచోట నేల దాపున వానిని బిగింతురు. అట్టి యంత్రములు కొన్నింటిలో వేడిపూసపై వాయువు మండును. ఆ మంట బయటికి రాకుండ సన్నని లోహపు వలయే కాపలా కాయును.

డేవీ ఈ దీపముపై పేటెంటు హక్కు కోరలేదు. ఎంత ధనమైన గడింపగలిగియు విడిచినవాడు, కీర్తిని మాత్రము పంచుకొనలేకపోయెను. అదే కాలమున జార్జి స్టీఫెన్‌సను అను గని ఇంజనీరు స్వయముగా వేరొక దీపమును నిర్మింపగా, పెద్దచదువు లేని ఆతనికి అంతటి ప్రజ్ఞ యుండునని డేవీ నమ్మలేదు. అది న్యాయము కాదు.

దీపము వచ్చినను పేలుళ్లు ఆగలేదు. గాలి విసురుగా వీచినచో మంట వల దాటుచుండెను. వెలుతురు చాలక పనివారు కొందరు వలను తొలగించుచుండిరి. అపాయకరములని మూసివేసిన పొరలను సైతము యజమానులు దీపముపై భరోసాతో త్రవ్వించిరి.

1817లో గని యజమానులు డేవీకి వెండిపాత్రలను బహూకరించిరి. 1829 మే 29వ తేదీన అతడు జెనీవా నగరమున మరణించెను. తరువాత అతడు కోరినట్లే ఆ వెండిని కరగించి అమ్మి, వచ్చిన ధనముతో రాయల్ సొసైటీవారు రసాయనశాస్త్రమునందు డేవీ పతకమును నెలకొల్పిరి.