తెగిన పోగు అతికిన తల్లి – బెంగళూరు నాగరత్నమ్మ

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి నేత బాంధవులారా, మనం బడిలో కన్నడం చదివినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అట్లా కన్నడ నాట పుట్టి తెలుగుకు మేలు చేసిన ఒక తల్లిని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

బెంగళూరు నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టినారు. తల్లి పుట్టలక్ష్మి గారు దేవదాసి. ఆ ఇండ్లలో వంశం తల్లి నుంచి కూతురికి వస్తుంది. తల్లి దగ్గరుండి చదువు, సంగీతం చెప్పించింది. నాగరత్నమ్మ చిన్న వయసులోనే తల్లి పోయింది. అయినా విద్య వదల్లేదు. మద్రాసు చేరి పెద్ద గాయకురాలైనారు.

అక్కడ ఆమె కంట పడింది రాధికాసాంత్వనము అనే కావ్యం. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహ మహారాజు కొలువులోని ముద్దుపళని రాసింది. తన అవ్వ, మేనత్త కూడా కవిత్వం చెప్పినవాళ్ళేనని ముద్దుపళని మొదట్లోనే చెప్పుకున్నది. కానీ అంతకుముందు అచ్చు వేసినవారు ఆ భాగాన్ని, కొన్ని పద్యాలను తీసేసినారు. నాగరత్నమ్మ గారు చేతిరాత ప్రతి సంపాదించి, తెగిన పోగును అతికినట్లు అన్నీ చేర్చి, 1910లో వావిళ్ళ వారిచేత అచ్చు వేయించినారు. అశ్లీలమని పెద్దలు తప్పు పట్టినారు, సర్కారు నిషేధించింది. ఆమె మాత్రం వెనక్కి తగ్గలేదు. స్వాతంత్ర్యం వచ్చే కాలానికి ప్రకాశం పంతులు గారి చొరవతో నిషేధం పోయింది.

నగలు అమ్మి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించినారు. కుంభాభిషేకం జరిగింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కాదు. ఆమె ఆడవాళ్ళను కూడగట్టి వేరే ఆరాధన మొదలుపెట్టినారు. 1940 నాటికి అందరూ ఒకటైనారు, ఆడవాళ్ళూ పాడినారు. 1952లో ఆమె కాలం చేసినారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది.

బాంధవులారా, మన ఇండ్లలో కండెలు చుట్టేది, ఆసు పోసేది ఆడవాళ్ళే. సంఘం పుస్తకంలో, వంశవృక్షంలో మాత్రం ఎక్కువగా మగవాళ్ళ పేర్లే ఉంటాయి. మీ అవ్వ పేరు, ఆ అవ్వను కన్న తల్లి పేరు తెలిసినవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. పేరు ఒకసారి తెగితే అతకడానికి ప్రతి ఇంట్లో ఒక నాగరత్నమ్మ పుట్టదు.