వాల్టర్ ఓవెన్ బెంట్లీ

పందెపు కారులను నిర్మించి పేరొందిన వారిలో వాల్టర్ ఓవెన్ బెంట్లీ ఒకడు. ఆతడు 1888వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన లండను నగరమున జన్మించెను. తల్లిదండ్రుల తొమ్మండుగురు బిడ్డలలో ఆతడే కడగొట్టువాడు. చిన్ననాటి నుండియు రైలింజనులన్న ఆతనికి మిక్కిలి మక్కువ. పదునారేండ్ల ప్రాయమున డాంకాస్టరులోని రైల్వే కర్మాగారమున చేరి, యంత్రవిద్యను చేతులారా అభ్యసించెను.

1912లో బెంట్లీ తన యన్నతో కూడి ఫ్రెంచి కారుల వర్తకము సాగించెను. మరుసటి యేట ఫ్రాన్సు దేశపు కర్మాగారమునకు పోయినపుడు, కాగితములు ఎగిరిపోకుండ బరువుగా ఉంచిన అల్యూమినియపు పిస్టను బొమ్మ ఆతని కంటబడెను. ఆ తేలిక లోహపు మిశ్రమముతో నిజమైన పిస్టనులనే చేయింపగా, ఇంజను బలము హెచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధమున విమానపు ఇంజనులకును ఈ యుక్తి తోడ్పడెను.

1919లో ఆతడు తన పేరనే కంపెనీని స్థాపించెను. ఫ్రాన్సులోని లెమాన్సు పట్టణమున జరుగు 24 గంటల పందెమును బెంట్లీ కారు 1924లో గెలిచెను. అయినను పోటీదారుల వేగము నానాటికి పెరుగుచుండెను. ఇంజనుకు ఇంకను బలమెట్లు చేకూర్చవలెను?

కమ్మరి కొలిమిని చూచిన వారికి ఇందలి మర్మము సులభముగ తెలియును. తిత్తి ఊదినకొలది నిప్పు రాజుకొనును. ఇంజనులోనికి గాలి ఎంత ఎక్కువ చేరిన అంత ఎక్కువ పెట్రోలు మండి, అంత బలము పుట్టును. గాలిని ఎక్కువగా చేర్చుటకు రెండు మార్గములు కలవు. సిలిండరులను పెద్దవి చేసినచో ఇంజను తనంత తానే ఎక్కువ గాలిని పీల్చుకొనును. లేదా సూపర్‌చార్జరు అను యంత్రముతో, తిత్తి వలె, గాలిని లోనికి నెట్టవచ్చును.

బెంట్లీ మొదటి మార్గమునే నమ్మి, నాలుగున్నర లీటర్ల ఇంజనుకు పైని ఆరున్నర లీటర్ల ఇంజనును నిర్మించెను. ఆతని కారులను నడపు పందెగాడు బర్కిను రెండవ మార్గమును కోరెను. అట్లు చేసినచో వేడిమి మితిమీరి, ఇంజను చిరకాలము నిలువదని బెంట్లీ వారించెను. కాని అప్పటికి కంపెనీ పెత్తనము ధనమిచ్చిన బార్నాటో చేతిలో నుండెను. ఆతడు అనుమతింపగా బెంట్లీ మాట చెల్లలేదు. 110 అశ్వశక్తి గల ఇంజను, సూపర్‌చార్జరుతో పందెములందు 240 వరకు చేరెను.

1930లో లెమాన్సున రెండు మార్గములకును పరీక్ష జరిగెను. సూపర్‌చార్జరు గల బెంట్లీలలో ఒక్కటియు పందెము ముగింపలేదు. ఆరున్నర లీటర్ల కారులే మొదటి, రెండవ స్థానములను గైకొనెను. అయినను బర్కిను శ్రమ వ్యర్థము కాలేదు. ఆ యేటనే పో పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండు ప్రీ పందెమున ఆతడు రెండవవాడుగా నిలిచెను. 1932లో బ్రూక్లాండ్సు బాటపై గంటకు 222 కిలోమీటర్ల వేగమును సాధించెను. క్షణకాలపు వేగమునకు ఒక మార్గము, దినమంతయు నిలుచుటకు మరియొక మార్గము తగియుండెను.

ఆ విజయము బెంట్లీ కష్టములను తీర్పలేదు. ఆర్థిక మాంద్యమున కంపెనీ కూలి, 1931లో రోల్సు రాయిసు వారి వశమయ్యెను. తన పేరు పరుల సొత్తయినను ఆతడు పని విడువక, 1935లో లగొండా కంపెనీ చేరి క్రొత్త ఇంజనులను రూపొందించెను. 1971వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన పరమపదించెను.

నేడు వేడిమిని అదుపు చేయు సాధనములు పెరిగినందున, గాలిని నెట్టి నింపు ఇంజనులు సామాన్యములైనవి. బెంట్లీ పేరు గల కారులందును అవి కలవు. అయినను ఏ బలమునైనను కోరుటకు ముందు, దానిని మోయు శక్తి తనకు కలదా యని విచారింపవలెనని ఆతని చరిత్రము బోధించుచున్నది.