పెర్ల్ బక్ గారు, ఆమె కుమార్తె కెరోల్

నోబెల్ బహుమతి పొందిన రచయిత్రిగా పెర్ల్ బక్ గారి పేరు మన పాఠకులలో చాలామందికి తెలుసు. ఆమె కుమార్తె సంగతి తెలిసినవారు తక్కువ. కొరాపుట్, రాయగడ ప్రాంతాలలో బుద్ధిమాంద్యమున్న బిడ్డను బడికి పంపాలా వద్దా అని సతమతమయ్యే తల్లిదండ్రుల కోసం ఈ జీవితాన్ని వ్రాస్తున్నాము.

పెర్ల్ గారు 1892లో అమెరికాలో జన్మించారు. తల్లిదండ్రులు మిషనెరీలు కావడంతో చైనాలో పెరిగారు. 1920లో కెరోల్ పుట్టింది. చూడముచ్చటైన బిడ్డ, కాని ఈడు పిల్లలు మాట్లాడుతున్నా ఆమెకు మాటలు రాలేదు. తల్లి ఎందరో వైద్యులకు చూపించారు. చివరకు అమెరికాలో ఒక వైద్యుడు బిడ్డ మామూలుగా ఎదగదని నిష్కర్షగా చెప్పాడు.

అయినా తల్లి పట్టుబట్టి చదువు చెప్పారు. ఒకరోజు వ్రాయించడానికి బిడ్డ చెయ్యి పట్టుకుంటే అది చెమటతో తడిసి ఉంది. తన ఆశ కోసం బిడ్డ ఎంత శ్రమపడుతున్నదో అప్పుడు ఆమెకు అర్థమైంది. అక్షరాలు మానిపించారు. మనలో ఎందరం ఆ చెయ్యి పట్టి చూశాము?

1929లో కెరోల్‌ను న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో చేర్చారు. అక్కడి ఖర్చు భరించడానికి కూడా ఆమె కలం పట్టారు. 1931లో 'గుడ్ ఎర్త్' వెలువడింది. 1938లో నోబెల్ వచ్చింది. బిడ్డ విషయం మాత్రం ఏళ్ళ తరబడి దాచి, 1950లో పుస్తకంగా వ్రాశారు.

కెరోల్‌ది ఫినైల్‌కీటోన్యూరియా. ఆహారంలోని ఒక పదార్థం శరీరంలో విరగక మెదడును దెబ్బతీస్తుంది. నార్వే వైద్యుడు ఫోలింగ్ 1934లో దీనిని కనిపెట్టారు. పుట్టగానే గుర్తించి ఆహారం మారిస్తే బుద్ధి నిలుస్తుందని 1950ల తరువాత తేలింది. కెరోల్‌కు అది అందలేదు. ఆ లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటేనే జబ్బు వస్తుంది; అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. తల్లి ఒక్కర్తినే నిందించడం అన్యాయం. మేనరికాలలో ఇటువంటి జబ్బుల భయం ఎక్కువని కూడా చెప్పక తప్పదు.

ఈనాడు దూరాన వదలనవసరం లేదు. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలోగాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య హక్కు. ముందుగా వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయినప్పుడు, ఆకలి, నీళ్ళు, నొప్పి వంటివాటికి బిడ్డ వాడే మాటలు టీచరుగారికి వ్రాసి ఇవ్వండి.

పెర్ల్ గారు 1973లో మరణించారు. తల్లి పోయాక కూడా కెరోల్ వైన్‌లాండ్‌లోనే ఉండి, 1992లో కన్నుమూసింది.