సముద్రధర్మవేత్త గ్రోషియస్ పండితుని జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. సముద్రమునకు ఇంత దూరముననున్న ఇచ్చోడవాడు సముద్రధర్మము చెప్పిన పండితుని గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కుంటాలలో దూకిన కడెం నీరు గోదావరిలో గలిసి తుదకు బంగాళాఖాతమునే చేరుచున్నది గదా! అదియుగాక, ఈయనను యావజ్జీవపు చెరనుండి విడిపించినది ఒక పుస్తకముల పెట్టె. కావున గ్రంథాలయ సంచికలో ఆయనకు చోటు ఉచితమేయని తలచితిని.

హ్యూగో గ్రోషియస్ 1583 ఏప్రిల్ 10వ తేదీన హాలండు దేశమందలి డెల్ఫ్ట్ పట్టణమున జన్మించెను. బాల్యముననే లాటిను భాషలో పద్యములల్లెను. పదునొకండవ యేట లైడెన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, పదునారవ యేట హేగు నగరమున న్యాయవాది యయ్యెను. మన పిల్లలు ఆ వయస్సున పదవ తరగతి పరీక్ష దాటి ఊపిరి పీల్చుకొందురు.

1603లో సింగపూరు సమీపమున డచ్చివారు పోర్చుగీసుల ఓడ నొకదానిని పట్టుకొనిరి. అందలి చీనా పట్టును, పింగాణిని అమ్మగా అపార ధనము లభించెను. తూర్పు సముద్రములలో నడచుటకు తమకే హక్కు గలదని పోర్చుగీసులు వాదించుచుండిరి. ఓడను పట్టుట న్యాయమేయని నిరూపించు భారమును డచ్చి ఈస్టిండియా కంపెనీ గ్రోషియస్‌పై నుంచెను. ఈ కంపెనీయే 1606లో గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నమున వర్తకశాల తెరచి, తెలుగు నేతగాండ్ర వస్త్రములను తూర్పుదీవులకు తరలించినది. గ్రోషియస్ ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. అందు ఒక్క అధ్యాయము మాత్రము స్వేచ్ఛాసముద్రము అను అర్థము గల లాటిను పేరుతో, కర్త నామము లేకుండ, 1609లో వెలువడెను. తక్కిన వ్రాతప్రతి 1864 వరకు బయటపడలేదు.

గాలి యెవనిదియు కానట్లే నడిసముద్రమును ఎవనిదియు కాదనియు, అందు పయనించుటకు సర్వజాతులకును సమాన హక్కు గలదనియు ఆయన సిద్ధాంతము. గ్రామపు లెక్కలు వ్రాయుచు తల నెరసిన నావంటివానికి ఇది వెంటనే బోధపడినది. పొలమునకు సర్వే నంబరును, హద్దురాయియు, పట్టాదారు పేరును ఉండును. నడిసముద్రమునకు పహాణీ యెవడు వ్రాయగలడు? అన్యుల ఓడలయెడ ధర్మముగా వర్తింపవలెనను తలపు మనవారికిని క్రొత్త గాదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244 నాటి మోటుపల్లి అభయశాసనమున, ఓడ పగిలిన పరదేశి వర్తకుల సొమ్మును రాజులు హరించు దురాచారమును మాన్పించెను.

అయితే గ్రోషియస్ గ్రంథమున ఒక లెక్క తప్పినది. పలువురు వేటాడినచో అడవిలో మృగములును, వలలు వేసినచో నదిలో చేపలును తరిగిపోవునని ఆయన యొప్పుకొనెను. సముద్రమునకు మాత్రము ఆ భయము లేదని తీర్మానించెను. నిల్వ చూడక ఖర్చు వ్రాసిన చిట్టా ఇట్టిదే. 1613లో విలియం వెల్వుడ్ అను స్కాట్లండు పండితుడు, పరదేశి పడవల వేటవలన తమ తీరమున చేపలు తగ్గుచున్నవని ఆక్షేపించెను. గ్రోషియస్ సమాధానము వ్రాసియు ప్రకటింపలేదు. లోకము గ్రోషియస్ పక్షమునే నిలిచెను, చేపల సంగతి మరుగునపడెను.

ఇంతలో హాలండున మతవివాదములు రాజకీయ కక్షలుగా మారెను. 1618లో గ్రోషియస్‌ను పట్టి, మరుసటి సంవత్సరము యావజ్జీవ శిక్ష విధించి లోవెస్టెయిన్ కోటలో నుంచిరి. భార్య మరియా వెంటనుండెను. మిత్రులు పెట్టెనిండ పుస్తకములు పంపుచుండిరి, చదివినవి ఆ పెట్టెలోనే తిరిగి పోవుచుండెను. కావలివారు మొదట పెట్టె తెరచి చూచిరి. నానాట విసిగి మానివేసిరి. ఇది కనిపెట్టిన మరియా 1621 మార్చి 22వ తేదీన భర్తను ఆ పెట్టెలో పరుండబెట్టి మూత వేయించెను. దాసి యెల్సియె పెట్టెతో పడవ యెక్కి నది దాటించెను. ఆవలిగట్టున ఆయన తాపీపనివాని వేషమున తప్పించుకొని పారిస్ చేరెను. పండితుని యశస్సులో ఈ యిరువురు స్త్రీలకు చెందవలసిన పాలు చాల కలదని నా యభిప్రాయము.

యుద్ధశాంతుల ధర్మమును గూర్చిన ఆయన మహాగ్రంథము 1625లో పారిస్‌లో వెలువడెను. తరువాత స్వీడను రాయబారిగ పనిచేసెను. 1645లో స్వీడను నుండి మరలివచ్చుచుండగా ఆయన యెక్కిన ఓడ బాల్టిక్ తీరమున పగిలెను. ప్రాణముతో ఒడ్డు చేరియు, అలసి జబ్బుపడి, ఆగస్టు 28వ తేదీన రోస్టాక్ పట్టణమున కన్నుమూసెను.

ఆ తప్పిన లెక్కకు మూల్యము చాలకాలమునకు తెలిసినది. ఆవిరి ఓడలును ఫిరంగి బల్లెములును వచ్చిన పిమ్మట, ఇరువదవ శతాబ్దమున ఒక్క దక్షిణ సముద్రములలోనే 3 లక్షలకు పైగా నీలి తిమింగలములు హతమయ్యెను. వేటను కట్టడిచేయుటకు 1946లో దేశములు ఒడంబడిక చేసికొనెను, వ్యాపారపు వేటను నిలుపుటకు 1982లో గాని నిర్ణయింపలేదు. ఆ యేటనే సముద్రధర్మ ఒప్పందము కుదిరెను. దానివలన హాంబర్గున వెలసిన న్యాయస్థానమున మన కృష్ణా జిల్లాలో జన్మించిన పాటిబండ్ల చంద్రశేఖరరావుగారు 1996 నుండి 2017 వరకు న్యాయమూర్తిగ నుండిరి, మూడేండ్లు అధ్యక్షులుగను ఉండిరి. 1999లో ఆస్ట్రేలియా, న్యూజిలాండులు జపానుపై తెచ్చిన ట్యూనా చేపల వ్యాజ్యమున, ఒప్పుకొన్న వంతుకు మించి పట్టరాదని ఉత్తరువిచ్చిన ధర్మాసనమున ఆయనయు నొకరు. మరుసటి యేడు మధ్యవర్తుల సభ తమకు విచారణాధికారము లేదని ఆ యుత్తరువును త్రోసిపుచ్చినది. దొంగలేని ఊరిలో పోలీసు అక్కరలేదు గాని, ఏ ఠాణా పరిధియు కాని చోట దొంగను పట్టుట ఎట్లు?

ఆ కొరత కొంత తీర్చుటకు 2023 జూన్ 19వ తేదీన ఐక్యరాజ్యసమితిలో మరియొక ఒప్పందము ఆమోదము పొందెను. నడిసముద్రమున జీవరాశికి రక్షిత ప్రాంతము లేర్పరచుటకు అది వీలు కల్పించినది. మన దేశము 2024 సెప్టెంబరులో సంతకము చేసినది. 2026 జనవరి 17 నుండి అమలునకు వచ్చినది.

గ్రోషియస్ సమాధి డెల్ఫ్ట్‌లో నున్నది. ఆ పుస్తకముల పెట్టె సంగతి మాత్రము నేటికిని తేలలేదు. అసలైనది తమయొద్దనే కలదని డెల్ఫ్ట్‌లోని ప్రదర్శనశాలవారును, ఆమ్‌స్టర్‌డాములోని ప్రదర్శనశాలవారును ఒక్కొక్క పెట్టెను చూపుచున్నారు.