హేరీ బ్రియర్లీ – త్రుప్పు పట్టని యుక్కు

సముద్రతీరమున నివసించు మనకు త్రుప్పు క్రొత్తది కాదు. కాకినాడలో కిటికీ కమ్ములకు మాటిమాటికి రంగు వేయవలసినదే. పడవలకు కొట్టిన మేకులును, తలుపుల గొళ్ళెములును ఉప్పుగాలికి ఎఱ్ఱబారి పొరలుగా రాలిపోవుట మనము నిత్యము చూచుచున్నాము. అట్టి యినుము త్రుప్పు పట్టకుండ వంటయింటి చెంచా మొదలు జేబులోని రూపాయి వఱకు వాడుకలోనికి వచ్చుటకు దారి చూపిన వారిలో ముఖ్యుడు హేరీ బ్రియర్లీ. పండ్రెండవ యేట బడి విడిచిన పేదబాలుడు అంతటి కీర్తి నెట్లు గడించెనో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

బ్రియర్లీ 1871వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఇంగ్లండు దేశమందలి షెఫీల్డు నగరమున జన్మించెను. తండ్రి ఉక్కు కరగించు కొలిమియొద్ద పనివాడు. కుటుంబము పెద్దది, ఇల్లు ఇఱుకు. అందుచే బాలుడు చదువు చాలించి, తండ్రి పనిచేయుచుండిన ఫర్తు వారి కర్మాగారమున కూలికి కుదిరెను. కొలదికాలమునకు అచటి రసాయన ప్రయోగశాలలో సీసాలు కడుగు పని దొరకెను. ఆ శాలాధికారియగు జేమ్సు టేలరు ఈ బాలుని శ్రద్ధను గుర్తించి చదువుకొనుటకు ప్రోత్సహించెను. పగలెల్ల సీసాలు కడుగుచు, తీరిక వేళల గణితమును రసాయనశాస్త్రమును అభ్యసించి, ఉక్కును పరీక్షించు విద్యలో బ్రియర్లీ క్రమముగా ఆరితేరెను. కొన్ని సంవత్సరములు రష్యా సామ్రాజ్యములోని రీగా నగరపు కర్మాగారమున పనిచేసి స్వస్థలమునకు మరలివచ్చెను. 1908లో రెండు పెద్ద ఉక్కు సంస్థలు కలిసి స్థాపించిన పరిశోధనశాలకు అతడే అధిపతి యయ్యెను.

1912లో అతనికొక సమస్య యొప్పగింపబడెను. తుపాకులు ప్రేల్చినపుడు పుట్టు వేడికి గొట్టముల లోపలి భాగము అరిగిపోవుచుండెను. దానికి తగిన ఉక్కును కనుగొనవలెను. బ్రియర్లీ క్రోమియమను లోహమును వివిధ పాళ్ళలో కలిపి చూచెను. 1913 ఆగస్టు 13వ తేదీన పోతపోసిన ఉక్కులో క్రోమియము నూటికి 12.8 పాళ్ళు, కర్బనము 0.24 పాళ్ళు ఉండెను. సూక్ష్మదర్శినిలో చూచుటకు ముందు ఉక్కు ముక్కను నత్రికామ్లము కలిసిన ద్రావకముతో తినివేయించుట ఆచారము. ఈ ముక్కను ఆ ద్రావకము తినలేకపోయెను! పుల్లని కాడియు, నిమ్మరసమును సైతము దానిపై మచ్చ వేయజాలకపోయినవి. తుపాకి గొట్టము కొఱకు వెదకినవాడు కత్తిపీటలకును చెంచాలకును తగిన లోహమును కనుగొనెను. అనుకొన్నది కాలేదని ఆ ముక్కను పాఱవేయక, ఎందువలన నిట్లయ్యెనని ప్రశ్నించుటయే అతని గొప్పతనము.

అయితే ఈ మార్గమున నడచినవాడు అతడొక్కడే కాడు. మన తెలుగుదేశమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో ఉత్తమమైన ఉక్కు తయారగుచుండెను. దక్షిణదేశపు ఉక్కు యొక్క రహస్యమును గ్రహింపగోరి మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున ఉక్కులో పలులోహములను, అందు కొద్దిగా క్రోమియమును కలిపి పరీక్షించెను. 1821లో ఫ్రాన్సు దేశీయుడగు బెర్తియే ఇనుము, క్రోమియముల మిశ్రము ఆమ్లములకు లొంగదని కనుగొనెను గాని, కర్బనము మిక్కుటమై ఆ లోహము పెళుసుగా నుండెను. జర్మనీ, అమెరికా దేశములందును ఇతరులు కృషి చేసిరి. లోహవిద్య యెవ్వరి యొక్కరి సొత్తును కాదు.

క్రొత్త ఉక్కును సాగగొట్టుట కష్టమగుటచే కత్తులవారు మొదట దీనిని నిరాకరించి, తెగని కత్తుల వాడని బ్రియర్లీని ఎగతాళి చేసిరి. ఎర్నెస్టు స్టూవర్టు అను పనివాని సాయమున మంచి కత్తులు తయారైనవి. మచ్చపడని యుక్కు అను పేరును పెట్టినవాడు అతడే. ఇంతలో కనుగొన్న దానిపై హక్కు ఎవరిదను వివాదము పుట్టెను. బ్రియర్లీ తన పదవిని విడిచి, 1915లో బ్రౌన్ బెయిలీ వారి కర్మాగారమున చేరెను. 1920లో బెస్సిమర్ స్వర్ణపతక మతనికి లభించెను.

ఇక నీ లోహపు గుణములను విచారింతము. క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కూడి, కంటికి కానరాని పలుచని పొరగా ఉక్కును కప్పును. గీత పడినను ఆ పొర తిరిగి యేర్పడును. కర్బనము కొంత హెచ్చుగా నున్నయెడల ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపఱచవచ్చును. బ్రియర్లీ కత్తుల యుక్కు ఇట్టిది. కర్బనము మిక్కిలి తగ్గించి, క్రోమియమును నూటికి పదునేడు పాళ్ళ వఱకు కలిపినచో ఫెర్రిటిక్ అను మెత్తని జాతి యేర్పడును. దీనిని కాల్చి గట్టిపఱచుట సాధ్యము కాదు. కాని రేకులుగా సాగును, అయస్కాంతమున కంటుకొనును. ఖరీదైన నికెలు అక్కఱలేదు గనుక చవుక. వంటపాత్రలు, బట్టలుతుకు యంత్రముల పీపాలు, మోటారుబండ్ల పొగగొట్టములు దీనితో చేయుదురు. లోపములును గలవు: అదుకునపుడు దీని రేణువులు పెరిగి పెళుసగును, ఉప్పునీరు పై పొరను ఛేదించి చిన్న గుంటలు చేయును. కావున మనవంటి తీరవాసులు సాధారణపు రకమును నమ్మి సముద్రమున కెదురుగా నిలుపరాదు.

మన ప్రభుత్వము 1988 మొదలు పది, ఇరువదియైదు, ఏబది పైసల నాణెములను, 1992 నుండి రూపాయిని ఈ జాతి యుక్కుతో ముద్రించెను. అందు ఇనుము 83 పాళ్ళు, క్రోమియము 17 పాళ్ళు. అట్టి రూపాయి నొకదానిని తీసి అయస్కాంతము చెంత నుంచి చూడుడు. సంవత్సరము క్రింద నక్షత్రపు గుర్తున్నచో అది హైదరాబాదు టంకశాలలో ముద్రితము.

బ్రియర్లీ తాను గడించిన ధనముతో 1941లో ధర్మనిధి నొకదానిని స్థాపించి, 1948 జులై 14వ తేదీన టార్కీ పట్టణమున మరణించెను. సీసాలు కడిగిన చేతులే లోకమునకు మచ్చలేని లోహము నిచ్చినవి. మన ప్రయోగశాలలో నేడు పరీక్షానాళికలు కడుగు బాలురు ఆ పనిని చిన్నదిగా నెంచకుందురు గాక!